ఎదురు షాపు మూడో శిష్యుడు

ఆ ఉదయం పెద్దమేస్త్రీ అనుకున్న పని చాలా చిన్నది. పళ్ల డాక్టరు గారి వెయిటింగ్ రూములోని మూడు సీట్ల సోఫాకు పాత రెక్సిన్ ఊడదీసి, కుంగిన స్ప్రింగులు బిగించి, కొత్త తొడుగు వేసి సాయంత్రానికల్లా పంపించేయాలి. షట్టరు ఎత్తాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆరు చిన్న మేకులు నోట్లో వేసుకున్నాడు. పాతకాలపు సోఫా పనివాళ్లకు మేకుల డబ్బా కంటే నోరే దగ్గర. ఒక్కో మేకునూ నాలుకతో పెదవుల మధ్యకు తెచ్చుకుని, వేళ్లతో అందుకుని, సుత్తితో ఒకే దెబ్బ వేస్తారు. మొదటి మేకు దిగాక అలవాటుగా తలెత్తి వీధి అవతలికి చూశాడు.

ఎదురు షాపుకు కొత్త బోర్డు వచ్చింది. "ప్రభుత్వ గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రం" అని నీలం మీద తెల్లని అక్షరాలు. దాని కింద ఒక పొడుగాయన, ఒక కళ్లజోడు అమ్మాయి ఒకే రంగు ఆప్రాన్లు కట్టుకుని, కుర్చీ చట్రాన్ని చెరోపక్క పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మేస్త్రీ గారూ, దీన్ని ఎక్కడ పెట్టమంటారు?" అని ఆ అమ్మాయి లోపలికి కేకేసింది.

లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చినవాడు చిన్నమేస్త్రీ. పెద్దమేస్త్రీ భార్యకు చెల్లెలి మొగుడు, అంటే సాక్షాత్తు తోడల్లుడు. పెద్దమేస్త్రీ రెండో మేకును మింగబోయి ఆగాడు.

అతని మనసుకు గుచ్చుకున్నది బోర్డు కాదు. ఆప్రాన్లూ కాదు. పిలుపులో "చిన్న" లేకపోవడం. పెళ్లయిన కొత్తలో ఆ చిన్నవాడికి ఏ పనీ రాదు. మూడేళ్లు ఈ స్టూలు పక్కనే చాప మీద కూర్చోబెట్టుకుని, వంకర సూది ఎలా పట్టుకోవాలో చెయ్యి పట్టి నేర్పింది పెద్దమేస్త్రీయే. పని వచ్చాక వాడు ఎదురుగా షాపు తెరిచాడు. "మీకు ఎదురుగా ఉంటే మీ నీడలో ఉన్నట్టే అన్నయ్యా" అన్నాడు. నీడ ఎటు పడుతుందన్నది పొద్దును బట్టి మారుతుందని పెద్దమేస్త్రీకి అప్పుడు తట్టలేదు. దూరంగా ఎవరో మేడ కడితే అతనికి ఏమీ అనిపించేది కాదు. వంద అడుగులు లేని వీధికి అవతల, తను నేర్పిన ముడి వేసే చేతులు కాస్త పైకి లేస్తే మాత్రం, తన చేతులే ఎవరో ఊడబెరుక్కుని వెళ్లినట్టుండేది.

"చూశావా?" అన్నాడు మేకులు ఊసేసి.

వెనక కుట్టుమిషను దగ్గర తొడుగులు కుడుతున్న భార్య తల ఎత్తలేదు. "నిన్ననే చూశాను. చెల్లి చెప్పింది. పని నేర్చుకునేవాళ్లని పెట్టుకుంటే వాళ్లకిచ్చే నెల భత్యంలో సగం ప్రభుత్వమే పెట్టుకుంటుందట. ముగ్గురిని పెట్టుకుంటే పనిముట్లకి విడిగా సాయం కూడా ఇస్తారట. మరిది గారికి ఇద్దరే దొరికారు. మూడోవాళ్ల కోసం చూస్తున్నారు."

"నేను వాడికి మూడేళ్లు నేర్పాను. నాకెవరిచ్చారు సగం?"

"అప్పుడు మీరు అడగలేదు కదా."

"ఇప్పుడు అడుగుతాను."

"అయితే తొందరగా అడగండి. దరఖాస్తుకి ఇవాళే ఆఖరి రోజు. పోనీ మరిది గారినే అడిగితే ఎలా నింపాలో చెప్తారు."

"వాణ్ణా? ఈ మాట వాడి చెవిన పడిందంటే నేను పళ్ల డాక్టరు సోఫా మీద పడుకుని లేవను. నువ్వెళ్లు. మీ చెల్లెలి దగ్గర వాళ్లు నింపిన ఫారం ఉంటుంది. ఊరికే చూస్తానని చెప్పి ఫోనులో ఒక ఫొటో తీసుకురా."

భార్య వెళ్లి వచ్చింది. ఈలోగా అతను వీధి చివర జిరాక్సు షాపులో ఖాళీ ఫారం కొనుక్కొచ్చాడు. ఫారానికి రెండు పేజీలు. ఫొటోలో రెండో పేజీ మాత్రమే ఉంది, దాని అడుగున సగం వెడల్పున భార్య బొటనవేలు ఉంది.

"ఇదేంటి, వేలు కూడా నింపాలా?"

"పాలు పొంగుతున్నాయని చెల్లి తొందరపెట్టింది. వచ్చింది చాలదా?"

ఇక్కడ పెద్దమేస్త్రీ పని తీరు చెప్పాలి. అతను టేపు వాడడు. పాత తొడుగును కుట్లు విప్పి, కొత్త గుడ్డ మీద పరిచి, దాని అంచు వెంబడే కత్తెర నడిపిస్తాడు. కొలతలు రాసుకుని చదువుకోవడం చేతకానివాళ్ల పని అని అతని నమ్మకం. ఫారాన్నీ అలాగే నింపాడు. పైన చిన్న అక్షరాల్లో ఏవో శీర్షికలున్నాయి, చదవలేదు. మొదటి పేజీలో పేరు, వయసు, పనిలో అనుభవం, బ్యాంకు ఖాతా అడిగారు. ఏ కాగితం మీదైనా మొదట ఉండాల్సింది యజమానే కాబట్టి తన పేరు రాశాడు. రెండో పేజీకి ఫొటో ఉంది. అందులో తోడల్లుడు ఒక పొడుగాటి నంబరు వేశాడు. ఒకే పని, ఒకే వీధి కదా, సోఫా పనికి ఇదే నంబరు కాబోలనుకుని అంకె పొల్లుపోకుండా దించాడు. నంబరు కింది గడులు ఫొటోలో ఖాళీగా ఉన్నాయి, ఇక్కడా ఖాళీగా వదిలాడు.

ఆఖరి గడి దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. "మీకు ఈ పని నేర్పినవారు" అని ఉంది. అక్కడ తోడల్లుడు ఏం రాశాడో భార్య బొటనవేలి కింద ఉండిపోయింది.

"మామగారి పేరు రాసుంటాడు. పెద్దాయన పేరు చెప్పుకుంటే గొప్ప కదా. నన్ను మింగేసుంటాడు."

"చూడకుండా ఎందుకు తిట్టుకోవడం? మళ్లీ వెళ్లి ఫొటో తీసుకురానా?"

"అక్కర్లేదు. నాకు తెలుసు."

నిజానికి అతనికి తెలుసుకోవాలని లేదు. తెలియకుండా ఉంటేనే తిట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. తన గడిలో మామగారి పేరు రాశాడు. జిగురు అంటిన వేళ్లతో కాగితాలు మడిచి, సోఫా పని అక్కడే వదిలేసి ఆఫీసుకు పరిగెత్తాడు.

శిక్షణ ఆఫీసులో కౌంటరు దగ్గర ఒకావిడ ఫారం అందుకుంది. అది ఆవిడ వేళ్లకు అంటుకుంది. విడదీసుకుని చదివింది. కళ్లజోడు సవరించుకుని అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఈ పనిలో అనుభవం ముప్పై ఏళ్లా?"

"పైమాటేనండి."

"ఇంత అనుభవం పెట్టుకుని కూడా ముందుకొచ్చారంటే మెచ్చుకోవాలండి. మామూలుగా మీ వయసువాళ్లకి అహం అడ్డొస్తుంది."

"నాకు అలాంటివి లేవండి" అన్నాడు పెద్దమేస్త్రీ, ఛాతీ కొంచెం ముందుకొచ్చేలా.

"నేను వాళ్లతో ఫోనులో మాట్లాడి ఖాయం చేస్తాను. ఖాతాలో డబ్బు నెలనెలా పడుతుంది."

వాళ్లంటే పైఅధికారులని అతను అనుకున్నాడు. తన షాపుకొచ్చాక ఎదురు షాపు వైపు మొదటిసారి జాలిగా చూశాడు. ఆ జాలి రెండు రోజులు నిలిచింది.

మూడో రోజు చిన్నమేస్త్రీ వీధి దాటి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్లు కొంచెం తడిగా ఉన్నాయి. అప్పటికి పెద్దమేస్త్రీ నోట్లో ఎనిమిది మేకులున్నాయి.

"అన్నయ్యా, ఆఫీసు వాళ్లు ఫోను చేశారు. మీరు పేరిచ్చారని చెప్పారు."

"ఊఁ."

"మీ అంతటివారు ఇలా చేస్తారని నేను కల్లో కూడా అనుకోలేదు."

పెద్దమేస్త్రీకి ఒళ్లు మండింది. నాకు ఆ మాత్రం తెలివి లేదనా వీడి ఉద్దేశం? మేకులు ఊసి రెండు మాటలు అందామనుకున్నాడు. కానీ మేకులు ఊస్తే తనకు కోపం వచ్చిందని వాడికి తెలిసిపోతుంది. "ఊఊఁ" అన్నాడు.

"మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే మొదలుపెడదాం. నేను ఒత్తిడి చేయను. వీధిలో ఎవరికీ చెప్పను కూడా. మీ మేలు మర్చిపోలేను అన్నయ్యా."

"ఊఁ."

అతను వెళ్లిపోయాక మేకులన్నీ ఒక్కసారిగా అరచేతిలో ఊసి, భార్యతో అన్నాడు. "విన్నావా? నేను కూడా శిష్యుణ్ణి పెట్టుకుంటున్నానని వాడికి తెలిసిపోయింది. వీధిలో చెప్పడట. చెప్తే వాడి బోర్డు విలువ పోతుందని భయం. మేలట, మేలు. వెటకారం చూశావా?"

"వెటకారానికి ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటారా?"

"వాడు పెట్టుకుంటాడు. వాడి సంగతి నీకు తెలీదు."

నెల తిరగ్గానే అతని ఖాతాలో కొంత డబ్బు పడింది. శిష్యుడు రాకముందే ప్రోత్సాహకం వచ్చేసింది, ప్రభుత్వానికి తన మీద ఎంత గురి అని మురిసిపోయాడు. శిష్యుణ్ణి వాళ్లే పంపిస్తారనుకుని, మూల అలమారులో ఒక అర ఖాళీ చేసి, అతని టిఫిను డబ్బా కోసమని తుడిచిపెట్టాడు. కొత్త స్టూలు కూడా చేశాడు. తన స్టూలు కంటే రెండంగుళాలు పొట్టిగా ఉండేటట్టు చూసుకున్నాడు.

ఆ స్టూలు మీద కూర్చోవడానికి శిష్యుడు రాలేదు. ఎదురు షాపుకు మాత్రం ఒక లారీ వచ్చింది. అందులోంచి ఎర్రటి గాలి మెషీన్ దిగింది. సన్నటి గొట్టం, చివర తుపాకీలాంటి పిడి. మీట నొక్కితే పిన్ను చెక్కలోకి దిగిపోతుంది. మేకు లేదు, సుత్తి లేదు, నోరు ఖాళీ. సాయంత్రం దాకా ఆ వీధంతా టప్ టప్‌మని ఒకటే చప్పుడు. పెద్దమేస్త్రీకి ఆ పిన్నులన్నీ తన కడుపులో దిగుతున్నట్టుంది.

"మూడోవాడు దొరికాడన్నమాట" అన్నాడు. "ముగ్గురుంటేనే కదా పనిముట్ల సాయం. ఎవడు వాడు?"

"ఎవరైతే మనకేం?"

"మనకేమా? వాడు నా దగ్గరికి రావాల్సినవాడు. దారిలో వీడు ఎగరేసుకుపోయాడు."

అప్పటినుంచి అతనికి పని మీద ధ్యాస పోయింది. పళ్ల డాక్టరు గారి సోఫా నెల దాటినా స్ప్రింగులు బయటపెట్టుకుని అలాగే కూర్చుంది. పొద్దున ఎదురు షాపు గుమ్మం ముందు చెప్పులు లెక్కపెట్టేవాడు. పొడుగాయనవి, కళ్లజోడు అమ్మాయివి, చిన్నమేస్త్రీవి. నాలుగో జత ఎప్పుడూ లేదు. మధ్యాహ్నం లెక్కపెట్టినా లేదు. మూడోవాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకునేవాడు. నున్నటి మొహం, నేర్పిందల్లా ఇట్టే పట్టేసే చేతులు, వాణ్ణి చూసి మురిసిపోయే తోడల్లుడు. లేని మనిషి మీద ఇంత అసూయ పడొచ్చని అంతకుముందు అతనికి తెలియదు. వారం గడిచాక ఒక సంగతి మెరుపులా తట్టింది. మూడోవాడు కనబడకపోతే, మూడోవాడు లేడన్నమాట. దొంగ లెక్క.

అప్పటికప్పుడు ఒక కాగితం తీసుకుని ఉత్తరం రాశాడు. "ఫలానా షాపులో ముగ్గురు శిష్యులున్నట్టు రాయించుకున్నారు. అందులో మూడోవాడు ఒక్కరోజు కూడా పనిలోకి రాలేదు. విచారించగలరు. ఇట్లు, న్యాయం కోరేవాడు." సంతకం పెట్టలేదు. పోస్టు డబ్బాలో వేసి వచ్చాక మాత్రం చేతులు కడుక్కున్నాడు. జిగురు వదిలింది. ఇంకేదో వదల్లేదు. రాసిందంతా నిజమే కదా అని తనకు తనే నాలుగుసార్లు చెప్పుకున్నాడు. నిజాన్ని నాలుగుసార్లు ఎందుకు చెప్పుకోవాల్సి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

అయిదో రోజు పదకొండు గంటలకు ఆఫీసు ఆవిడ ఫైలుతో ఎదురు షాపులోకి వెళ్లడం చూశాడు. గుండె హాయిగా కొట్టుకుంది. లోపల ఏదో మాట్లాడుతున్నారు. చిన్నమేస్త్రీ తల వంచుకుని ఉన్నాడు. తర్వాత అతను మెల్లగా చెయ్యెత్తి ఇటువైపు చూపించాడు. ఆవిడ ఇటు తిరిగి నడవడం మొదలుపెట్టింది.

పెద్దమేస్త్రీ స్టూలు మీంచి లేచాడు. "కొంప మునిగింది. నా దగ్గర కూడా శిష్యుడు లేడని వాడు చెప్పేశాడు. డబ్బు కూడా తీసుకున్నాం."

"ఉన్న మాట చెప్పండి. పంపిస్తారని ఎదురు చూస్తున్నామని" అంది భార్య.

అతను వినలేదు. మూల పడక్కుర్చీలో పేపరు చదువుతున్న మామగారి మీద అతని చూపు పడింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. చేతులు వణుకుతున్నాయని పని మానేసి పదేళ్లయింది.

"మామయ్యా, లేవండి. ఈ పొట్టి స్టూలు మీద కూర్చోండి. ఈ సూది పట్టుకోండి. ఒక్క పావుగంట మీరు నా శిష్యులు."

మామగారు పేపరు మడిచారు. "నీకు పని నేర్పింది నేనే కదరా."

"ఆ మాట ఒక్కటీ అనకండి."

"నెలకెంతిస్తావు?"

ఆవిడ గుమ్మంలోకి వచ్చేసింది. వెనకాలే చిన్నమేస్త్రీ, మాడిపోయిన మొహంతో.

"రండి మేడమ్. ఈయనే మా దగ్గర పని నేర్చుకుంటున్నాయన. కొంచెం పెద్దవారే, కానీ నేర్చుకోవడానికి వయసుతో పనేముంది" అన్నాడు పెద్దమేస్త్రీ ఒక్క గుక్కలో.

ఆవిడ మామగారిని చూసింది. ఆయన వంకర సూదితో స్ప్రింగు చుట్టూ తాడు తిప్పి, ముడి బిగించి, పళ్లతో కొస తెంపి కళ్లెత్తారు. వణుకు ఆ ముడిలోకి మాత్రం రాలేదు.

"ఎన్నాళ్లయింది నేర్చుకోబట్టి?"

"పొద్దుటి నుంచే" అన్నారు మామగారు.

ఆవిడ ఫైలు తెరిచి, పెద్దమేస్త్రీ వైపు తిరిగింది. "మీ కింద శిష్యుడేంటండీ? శిష్యులు మీరు. మొదటి పేజీ నేర్చుకునేవాళ్లది, అందులో మీ పేరుంది. రెండో పేజీ నేర్పేవాళ్లది, అందులో ఈయన షాపు నంబరు ఉంది. నేను ఫోను చేస్తే ఈయన సరేనన్నారు. మీ ఖాతాలో పడుతున్నది మీ భత్యం. ఎదురు షాపులో మూడో మనిషి మీరే. ఆ మూడో మనిషి ఒక్కరోజు కూడా రాలేదని ఎవరో ఫిర్యాదు రాస్తే వచ్చాను."

షాపులో కుట్టుమిషను ఆగింది. "ఊఁ" అని తప్పించుకుందామంటే పెద్దమేస్త్రీ నోట్లో మేకులు కూడా లేవు.

"నాకోసమే పేరిచ్చారనుకున్నాను అన్నయ్యా" అన్నాడు చిన్నమేస్త్రీ. "మూడో మనిషి దొరక్క నేను తిరుగుతున్నానని వదిన చెబితే, నోరు తెరిచి చెప్పకుండా మీరే పేరిచ్చారనుకున్నాను. ఆ మెషీన్ మీకు చూపించి, దాన్ని మీ చేతికే ఇద్దామని రోజూ పొద్దున ఇటే చూస్తున్నాను. మిమ్మల్ని రమ్మని పిలవడానికి నాకు నోరు రాలేదు."

ఆవిడ పెన్ను మూత తీసింది. "ఒకటే మాట చెప్పండి. నేర్చుకోవడానికే పేరిచ్చారా, పొరపాటున పడిందా? పొరపాటైతే మీరు భత్యం కట్టేస్తే సరిపోతుంది. ఈయనకు మాత్రం మెషీన్ వెనక్కి పోతుంది. పనిలోకి రాని మనిషిని లెక్కలో చూపించినందుకు గుర్తింపు కూడా రద్దవుతుంది."

నెల పైగా పెద్దమేస్త్రీ కోరుకున్నది ఇదే. ఒక్క మాట చాలు. బోర్డు దిగిపోతుంది, ఆప్రాన్లు పోతాయి, టప్ టప్ ఆగిపోతుంది. పైగా ఆ మాట పచ్చి నిజం. అది మేకులా నాలుక చివరికి వచ్చి, పెదవుల మధ్య నిలబడింది.

ఆవిడ కాగితం తిప్పబోయింది. పేజీలు జిగురుకు అంటుకుపోయి విడిపోలేదు. లాగేసరికి కింద ఉన్న ఎదురు షాపు ఫారం పైకి వచ్చింది. అతనికి బాగా తెలిసిన పేజీ. అదే పొడుగాటి నంబరు, అవే ఖాళీ గడులు. కానీ ఈసారి అడుగున బొటనవేలు లేదు.

"మీకు ఈ పని నేర్పినవారు" అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో, గడి చాలక పక్కకు కూడా పాకి ఇలా రాసి ఉంది: "పెద్దమేస్త్రీ గారు. ఎదురు షాపు. మూడేళ్లు. రూపాయి తీసుకోలేదు."

పెద్దమేస్త్రీ ఆ గడిని రెండుసార్లు చదివాడు. జీవితంలో అతను ఒక కాగితాన్ని పూర్తిగా చదవడం అదే మొదలు. పెదవుల మధ్యకు వచ్చిన మాటను మెల్లగా నాలుకతో వెనక్కి లాక్కున్నాడు.

"నేర్చుకోవడానికేనండి" అన్నాడు. "ఆ గాలి మెషీన్ నాకు రాదు."

"మరి ఒక్కరోజూ వెళ్లలేదేం?"

"సిగ్గేసింది."

ఆవిడ ఫిర్యాదు ఉత్తరాన్ని ఫైలులో పెట్టబోయింది. అది కూడా ఆవిడ వేళ్లకు అంటుకుంది. ఆవిడ ఉత్తరాన్ని చూసింది, ఫారాన్ని చూసింది, స్టూలు పక్కనున్న జిగురు డబ్బాను చూసింది. "నా ఫైలులో అంటుకుపోయే కాగితాలు రెండే ఉన్నాయండి" అంది నెమ్మదిగా. "ఈ న్యాయం కోరేవాడికి ఏమని జవాబు రాయమంటారు?"

"రేపటి నుంచి వస్తాడని రాయండి" అన్నాడు పెద్దమేస్త్రీ నేల చూపులు చూస్తూ.

"ఇంతకీ నా ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా?" అని అడిగారు మామగారు. జవాబు కోసం ఆగకుండా పళ్ల డాక్టరు గారి సోఫాకు రెండో స్ప్రింగు కట్టడం మొదలుపెట్టారు. అది ఆ సాయంత్రానికి పూర్తయింది.

మర్నాటి నుంచి రోజూ పది గంటలకు పెద్దమేస్త్రీ వీధి దాటుతున్నాడు. ఎదురు షాపు గుమ్మంలో ఇప్పుడు నాలుగు జతల చెప్పులుంటున్నాయి. మొదటిరోజు ఆప్రాను కట్టుకోనన్నాడు, రెండోరోజు కట్టుకున్నాడు. మీట నొక్కగానే చెయ్యి అదిరి, పిన్ను ఎక్కడో దిగేది. చిన్నమేస్త్రీ వెనక నిలబడి, "మణికట్టు వదులుగా పెట్టండి అన్నయ్యా" అనేవాడు. ఏళ్ల కిందట వంకర సూది ఇచ్చి తను అన్న మాటే అది.

వారం రోజులయ్యాక ఇంటికొచ్చి, ఆప్రాను మేకుకు తగిలించి కూర్చున్నాడు. బాగానే సాగుతోందా అని భార్య అడిగింది.

"బాగానే ఉంది" అన్నాడు. "కానీ మీ మరిది ఆ కళ్లజోడు అమ్మాయి పిన్నుల వరసని ఇవాళ మూడుసార్లు మెచ్చుకున్నాడు, నాది ఒక్కసారే."